ఏడు వేల మందితో ఏకాంతం

డిసెంబరు వచ్చింది. వాకిళ్ళలో సంక్రాంతి ముగ్గులు పడకముందే మనవాళ్ళ స్టేటస్‌ల నిండా ఓడలు పడ్డాయి. డల్లాస్ వాళ్ళు, న్యూజెర్సీ వాళ్ళు సరే, ఈ ఏడు మాదాపూర్ వాళ్ళూ బెంజ్ సర్కిల్ వాళ్ళూ కూడా. ఫోటోలన్నీ ఒకే అచ్చు. ఆవిడ ఎగిరిపోతున్న టోపీని పట్టుకుంటుంది, ఆయన ఆవిణ్ణి పట్టుకుంటాడు, వెనకాల తెల్లటి రెయిలింగు. కింద 'జస్ట్ అస్' అని ఒక ముక్క, పక్కన ఎర్రటి గుండెకాయ.

ఇద్దరేనట! రాయల్ కరీబియన్ కంపెనీవారి ఐకాన్ ఆఫ్ ది సీస్ అనే ఓడ నిండుగా బయలుదేరితే 7,600 మంది ప్రయాణికులు, 2,350 మంది సిబ్బంది. వెరసి యాభై తక్కువ పదివేలు. మావైపు అంత జనం ఉన్న ఊళ్ళో ఒక పోలీస్ స్టేషను, రెండు రైస్ మిల్లులు, మూడు ముఠాలు ఉంటాయి. ఇరవై అంతస్తులు, 365 మీటర్ల పొడవు. టన్నేజీలో టైటానిక్‌లు ఐదింటిని కలిపినా దీనికి తూగవు. ఇంత జాతర మధ్యకు వెళ్ళి 'మా ఇద్దరికీ కాస్త టైమ్ దొరికిందండీ' అంటారు. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడానికి ఇంతమంది దేనికయ్యా అంటే, 'మీకు తెలీదు బాబాయ్, ఆ ఫీలే వేరు' అని జాలిపడతారు.

తెలీకేం? మా అమ్మాయి పుణ్యమా అని పోయిన చలికాలం గాల్వెస్టన్‌లో మేమూ ఓడెక్కాం. అమెరికా వచ్చిన అమ్మానాన్నలకు నయాగరా చూపించడం పాతబడిపోయింది, ఇప్పుడు ఓడెక్కించాలి. ఓడ పేరు చెప్పను. చెప్పినా తేడా ఉండదు, అన్నీ ఒక తాను ముక్కలే.

తిండి గురించి నాకు పేచీ లేదు. అర్ధరాత్రి పిజ్జా కోసం క్యూలో నిలబడ్డవాళ్ళ మీద కూడా లేదు, ఎవరి కడుపు వాళ్ళది. మంచం మీద తువ్వాలుతో చేసి పెట్టే ఏనుగుని కూడా క్షమిస్తాను. నేను క్షమించలేనిది ఒకటే. ఈ ఓడలకు సముద్రమంటే పడదు.

నమ్మరు కదూ? ఐకాన్‌లో ఏడు ఈతకొలనులు, ఆరు వాటర్ స్లైడ్‌లు, ఒక మంచు స్కేటింగ్ రింకు. కరీబియన్‌కు బయలుదేరిన ఓడలో మంచు! అలల మీద సర్ఫింగ్ చెయ్యాలనుందా? దానికో యంత్రం ఉంది, పంపులతో నీళ్ళు తోసి అల పుట్టిస్తుంది. నాలుగు అడుగులు అవతల అట్లాంటిక్ మహాసముద్రం ఒక్క వాట్ కరెంటు అడక్కుండా అలలు పుట్టిస్తూనే ఉంటుంది, దాని మొహం చూసేవాడు లేడు. నీళ్ళు పడే అందం చూడాలనుంటే గాజు గుమ్మటం కింద 55 అడుగుల జలపాతం కూడా పెట్టారు.

బాల్కనీల సంగతి చెప్పాలి. ఓడలో బాల్కనీ గది అంటే మీరూ నేనూ ఏమనుకుంటాం? తలుపు తీస్తే సముద్రం అనుకుంటాం. 2009లో వచ్చిన ఒయాసిస్ ఆఫ్ ది సీస్ నుంచి ఒక కొత్త విద్య మొదలైంది. ఓడను నడిమధ్యన చీల్చి అందులో ఒక పార్కు వేశారు, నిజమైన మొక్కలతో. ఆ చీలిక మీదకు బాల్కనీలు తెరిచారు. తలుపు తీస్తే ఎదురుగా ఇంకొకాయన బాల్కనీ. ఆయన బనీనుతో పళ్ళు తోముకుంటుంటాడు. ఈ దృశ్యం కోసం కూకట్‌పల్లి అపార్ట్‌మెంటు వదిలి, వీసా తెచ్చుకుని, పదిహేను వేల కిలోమీటర్లు వెళ్ళక్కర్లేదు. మా ఎదురు ఫ్లాటాయన ఇదంతా ఉచితంగా చూపిస్తాడు.

మరి ఏ బాల్కనీ లేని లోపలి గదులో? వాటికీ ఉపాయం ఆలోచించారు. 2014లో వచ్చిన క్వాంటమ్ ఆఫ్ ది సీస్‌లో లోపలి గదుల గోడకు నిలువెత్తు తెర బిగించి, బయట కెమెరాకు కనిపించే సముద్రాన్ని అప్పటికప్పుడు దాని మీద చూపించారు. సముద్రం మీద పడుకుని సముద్రాన్ని టీవీలో చూడటం! మా గదికి ఆ వైభవం కూడా లేదు. మామూలు టీవీ, అందులో ఒక ఛానెల్‌లో ఓడ ముక్కు మీది కెమెరా. మొదటి రోజు మా ఆవిడ గది నాలుగు గోడలూ చూసి 'సముద్రం ఎటువైపండీ?' అని అడిగింది. సామాను తెచ్చిన కుర్రాడు ఎంతో వినయంగా రిమోట్ అందించాడు.

పోనీ డెక్కు మీదకు పోదామా అంటే అక్కడ ఇంకో ముచ్చట. పడక కుర్చీలు వందలకొద్దీ ఉన్నాయి, అన్నీ కొలను వైపు తిప్పి. సముద్రానికి వీపు పెట్టి కూర్చోవాలన్నమాట. కొలను అవతల సినిమా తెరంత టీవీ, దాంట్లో ఫుట్‌బాల్, చెవులు చిల్లులు పడే పాటలు. నేనొక కుర్చీని ఈడ్చుకెళ్ళి రెయిలింగు దగ్గర సముద్రం వైపు తిప్పుకున్నాను. రెండు నిమిషాల్లో యూనిఫారం వేసుకున్న ఒకాయన వచ్చి, నవ్వు చెదరకుండా, నడవకు అడ్డమని చెప్పి కుర్చీని తీసుకెళ్ళి కొలను వైపే వేశాడు. నేను నిలబడి చూశాను. నా పక్కన చూస్తున్నవాడు ఇంకొకడు లేడు.

అన్నిటికీ తలమానికం కోకోకే. బహామాస్‌లో లిటిల్ స్టిరప్ కే అన్న దీవిని రాయల్ కరీబియన్ వారు లీజుకు తీసుకుని పెట్టిన పేరు అది. 2019కల్లా 25 కోట్ల డాలర్లు గుమ్మరించి దానికి కొత్త హంగులు దిద్దారు. చుట్టూ అడుగున ఇసుక కనిపించే నీలిరంగు నీళ్ళు. దేవుడు ఆ పని ముందే చేసి పెట్టాడు కదా, ఇంక ఏం కడతారు అనుకుంటున్నారా? ఈతకొలను కట్టారు. బహామాస్‌లోకెల్లా అతి పెద్ద మంచినీళ్ళ కొలనని చాటింపు. దాని దాపున 135 అడుగుల ఎత్తు వాటర్ స్లైడ్. ఏడు కొలనులున్న ఓడలోంచి దిగి, సముద్రం ఒడ్డున నడిచి, ఎనిమిదో కొలనులో మునిగి, తిరిగి ఓడెక్కి రావడం. దీనికి 'బహామాస్ చూశాం' అని పేరు.

రేవుల కథ ఒక్క ముక్కలో చెబుతాను. అమెరికా రేవులో ఎక్కించుకుని మళ్ళీ అక్కడే దించే విదేశీ జెండా ఓడ మధ్యలో ఏదో ఒక పరాయి రేవును తాకి తీరాలని 1886 నాటి చట్టం. కాబట్టి మన దంపతుల 'మెక్సికో యాత్ర' సగం కంపెనీవారి కాగితం పని. దిగగానే వరసగా నగల కొట్లు. బంగారం కొనడానికి మనకు కొజుమెల్ కావాలా?

మందు ప్యాకేజీ ఇంకొకటి. ఒక గదిలో ఒక పెద్దవాడు కొంటే ఆ గదిలోని మిగతా పెద్దవాళ్ళూ కొనాలన్నది చాలా కంపెనీల నియమం. మా ఆవిడ జీవితంలో మందు ముట్టలేదు. ఏడడుగులు వేసిన పాపానికి ఆవిడ వాటా కూడా కట్టాలట. నేను మానేశాను. ఆ లెక్కన ఓడ మా కాపురానికి కొంత మేలే చేసింది.

ఇంతవరకూ నవ్వొచ్చింది. ఇక్కణ్ణించి రాదు.

బఫేలో మేము పెరుగన్నం గురించి గొణుక్కుంటుంటే, పళ్ళేలు తీస్తున్న కుర్రాడు ఆగిపోయాడు. 'తెలుగువాళ్ళాండీ?' కాకినాడ అబ్బాయి. హోటల్ మేనేజ్‌మెంట్ చదివాడు. ఎనిమిది నెలల కాంట్రాక్టు. రోజుకు పదకొండు గంటల పని, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ఎనిమిది నెలల్లో ఒక్క ఆదివారం కూడా సెలవు లేదు. 'సముద్రం చూస్తూ ఉంటావన్నమాట' అన్నాను, మాట కలపడానికి. 'ఎక్కడండీ బాబాయ్‌గారూ! మా గది నీటి మట్టానికి కిందండీ. కిటికీ ఉండదు. ఇద్దరం ఉంటాం, పైనొకడు కిందొకడు' అన్నాడు. వెళ్తూ వెళ్తూ, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, 'చివరి రోజు ఫారం వస్తుందండీ. పదికి పది వెయ్యండి. తొమ్మిదేస్తే పిలిచి అడుగుతారు' అన్నాడు.

సముద్రం కోసం డబ్బు కట్టినవాడికి సముద్రం లేదు, సముద్రం మీద బతికేవాడికీ లేదు.

వీళ్ళ జీతాల సంగతి అడగండి. చాలా పెద్ద కంపెనీలు 'గ్రాట్యుటీ' పేరుతో మనిషికి రోజుకు ఇన్ని డాలర్లని మన బిల్లులోనే కలిపేస్తున్నాయి. అంటే పనివాడి జీతంలో ముఖ్యమైన భాగం యజమాని బదులు మనం ఇస్తున్నాం. ఇచ్చి, ఉదారంగా టిప్పు ఇచ్చామనుకుని మురిసిపోతున్నాం. మరి యజమాని ఎక్కడ? రాయల్ కరీబియన్ ఆఫీసు మయామీలో, కంపెనీ రిజిస్ట్రేషన్ లైబీరియాలో, ఐకాన్ జెండా బహామాస్‌ది. ఓడ ఏ జెండా ఎగరేస్తే అక్కడి కార్మిక చట్టమే దానికి మొదటి చట్టం. 2006 నాటి అంతర్జాతీయ నావిక కార్మిక ఒప్పందం కూడా వారానికి 72 గంటల పనిని ఒప్పుకుంటుంది. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఈ మాట అంటే టీవీల్లో వారం రోజులు చర్చ నడుస్తుంది. ఇక్కడ మాత్రం మనవాళ్ళు ఆ కుర్రాడితో 'ఎక్స్‌ట్రా చీజ్' అంటారు, తల కూడా ఎత్తరు. ఇళ్ళలో పనిమనిషికి వేరే గ్లాసు పెట్టిన అలవాటు అంత తొందరగా పోతుందా?

మురుగు గురించి ఎవరూ స్టేటస్ పెట్టరు. ఓడల కాలుష్యం మీద మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. దాని ప్రకారం తీరానికి 12 నాటికల్ మైళ్ళు దాటాక, కదులుతున్న ఓడ శుద్ధి చెయ్యని మురుగును కూడా మెల్లమెల్లగా సముద్రంలో కలపొచ్చు. కొత్త ఓడల్లో శుద్ధి యంత్రాలున్నాయి, కాదనను. కానీ యంత్రం ఉండటం వేరు, వాడటం వేరు. ప్రిన్సెస్ క్రూజెస్ అనే కంపెనీ నూనె కలిసిన మురికి నీళ్ళను దొంగ గొట్టం పెట్టి సముద్రంలోకి వదిలి, అది బయటపడకుండా కప్పిపుచ్చి, చివరికి 2016లో అమెరికాలో నేరం ఒప్పుకుని 4 కోట్ల డాలర్ల జరిమానాకు తల ఊపింది. ఇప్పుడు ఐకాన్‌ను అందరూ 'గ్రీన్ షిప్' అంటున్నారు, ద్రవ సహజవాయువుతో నడుస్తుంది కాబట్టి. ఇంజన్‌లో కాలకుండా జారిపోయే మీథేన్ 20 ఏళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుందన్న మాట బ్రోషర్లో ఉండదు.

హైతీ మాట కూడా చెప్పి తీరాలి. 2010 జనవరి 12న భూకంపం వచ్చి ఆ దేశంలో లక్షల మంది చచ్చిపోయారు, నిరాశ్రయులయ్యారు. సరిగ్గా మూడు రోజులకు, అదే దేశంలో కంచె వేసి కాపలా పెట్టుకున్న లబాడీ అనే తమ బీచ్ దగ్గర రాయల్ కరీబియన్ ఓడ ఆగింది. జనం దిగి ఈత కొట్టారు. సహాయ సామగ్రి కూడా దించారు, నిజమే. కానీ అవతల భూకంపం కూల్చిన ఊళ్ళలో శవాలు ఇంకా తీయలేదు. కొంతమంది ప్రయాణికులు ఓడ దిగడానికి మనసొప్పక లోపలే ఉండిపోయారు. వాళ్ళకు దణ్ణం పెడతాను.

ఈ ఓడల మోజు మన తీరానికీ వచ్చింది. మన విశాఖలో 2023 సెప్టెంబరులో 96 కోట్లతో క్రూజ్ టెర్మినల్ తెరిచారు. 'విశాఖ ఇక మయామీ' అని మనవాళ్ళు చంకలు గుద్దుకున్నారు. మయామీ ఓడలు ఎలా ఉంటాయో ఇంతసేపూ చెప్పాను. అదే రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, 2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం, ప్రభుత్వ ప్రయాణికుల ఓడ నడుస్తుంది. రెండున్నర రోజుల దారి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి కూలికీ వేటకూ వెళ్ళి అక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్ళు తరాలుగా దాంట్లోనే వచ్చి పోతున్నారు. కొత్తగా పెళ్ళయిన జంటలు కూడా. అందులో వాటర్ స్లైడ్ లేదు, జలపాతం లేదు. బంకు మీద పడుకుంటారు. ఊపిరాడకపోతే డెక్కు మీదకు వస్తారు, వస్తే కనిపించేది సముద్రమే.

చెన్నై, కలకత్తాల నుంచి నడిచినన్ని ఓడలు విశాఖ నుంచి లేవు. టెర్మినల్‌కు రిబ్బను కత్తిరించిన పెద్దలారా, ఆ ఓడలు పెంచండి. బయలుదేరే తేదీలు నెల ముందే చెప్పండి. కాశీబుగ్గ నుంచి మూటాముల్లె సర్దుకుని వచ్చేవాళ్ళు రేవు గేటు దగ్గర రోజులు లెక్కపెట్టుకుంటూ పడిగాపులు కాయకుండా చూడండి.