లీటరుకి రెండు మూతలు

బాపులపాడు మండలంలో ఏ ఊరికి వెళ్లినా ఈ పెద్దమనిషి ఒకడు దొరుకుతాడు. ఊరు మారితే పేరు మారుతుందేమో గాని మనిషి మారడు. మిక్సింగ్ బాబాయి అనుకుందాం. ఆయనకు సొంతంగా రంపం మిషన్ లేదు. ఉన్నవాళ్లు మాత్రం ఆయన్ని అడక్కుండా పెట్రోల్లో ఆయిల్ కలపలేరు. ఎందుకంటే మూత తీసిన వాసనకే ఆయన గట్టు దాటి వచ్చేస్తాడు.

రసాలు, బంగినపల్లి దిగిపోయి, కలెక్టరు కాయ కూడా జ్యూస్ ఫ్యాక్టరీలకు వెళ్లిపోయాక, జూన్ ఆఖర్లో తోటల్లో కొమ్మ కత్తిరింపులు మొదలవుతాయి. కొందరు కొమ్మలతో ఆగరు, చెట్టే పడగొట్టి పామాయిల్ మొక్క పెడతారు. ఎటు విన్నా మిషన్ల రొదే. బాబాయికి ఇది పండగ సీజను. కాపు ఎలా ఉంది, రేటు ఎంత పలికింది అని అడగడు. తువ్వాలు భుజం మార్చుకుంటూ ఒకటే ప్రశ్న.

"ఎంత కలిపావురా?"

"యాభైకొకటి బాబాయ్. లీటరుకి ఇరవై ఎమ్మెల్. డబ్బా మీద అదే రాసుంది."

"డబ్బా మీద రాసినోడు మన ఎండ చూశాడంట్రా?"

దీనికి జవాబు చెప్పినవాడు ఇంతవరకూ లేడు. ఈలోగా బాబాయి సీసా అందుకుని ఎండకెత్తి చూస్తాడు. టూటీ ఆయిల్లో రంగు కలుపుతారు గనక పెట్రోలు నీలంగానో ఆకుపచ్చగానో కనిపిస్తుంది. ఏ కంపెనీ ఆయిల్ ఏ రంగో ఆయనకు అనవసరం. "పలచగా ఉంది" అంటాడు. ముదురు రంగు ఆయిలైనా పలచగానే ఉంటుంది. వేలు ముంచి, బొటనవేలితో రాసి, వాసన చూసి, "ఇంకో మూత పడాలి" అని తీర్పు ఇస్తాడు.

పాపం, ఆయన భయంలో కొంత న్యాయం ఉంది. ఈ ఇంజనుకి విడిగా ఆయిల్ గది ఉండదు. పెట్రోలుతో కలిసి వెళ్లిన ఆయిలే బేరింగులకీ, కనెక్టింగ్ రాడ్‌కీ, పిస్టన్‌కీ తడి. స్కూటర్ ఇంజను ఐదారు వేల చుట్లు తిరిగితే రంపం ఇంజను నిమిషానికి పన్నెండు వేలు దాటి తిరుగుతుంది. ఆయిల్ చాలకపోతే పిస్టన్ పట్టేస్తుంది. ఖరీదైన బేరం. అందుకే స్టిల్ కంపెనీ పుస్తకంలో తమ టూస్ట్రోక్ ఆయిలైతే యాభైకి ఒకటి, వేరే వాళ్లదైతే పాతికకి ఒకటి అని రాసి ఉంటుంది. అంటే పాళ్లు సీసాలో పోసే సరుకును బట్టి మారతాయి. బాబాయి పాళ్లు మాత్రం దేన్ని బట్టీ మారవు.

అవి మారకపోవడానికి కారణం వేరే ఉంది. ఎవరు ఏ పాళ్లు చెప్పినా అవి మిషన్‌వి కావు, చెప్పేవాడి మొదటి బండివి. 1972లో వచ్చిన చేతక్ తోలినవాడికి బంకులో కుర్రాడు చేతి పంపుతో టూటీ ఆయిల్ కొట్టిన చప్పుడు ఇంకా చెవిలో ఉంటుంది, ఇంకో పోటు కొట్టించందే వాడికి నిద్ర పట్టదు. ఆర్ఎక్స్ హండ్రెడ్ వాడి తంటా ఇంకోటి. ఆ బండికి ఆయిల్ టాంకు విడిగా ఉండేది, పంపే లాక్కునేది. జన్మలో చేత్తో కలపలేదు గనక రంపంలోనూ ఒట్టి పెట్రోలే పోస్తాడు. అది కాసేపు బ్రహ్మాండంగా కోస్తుంది. ఆ తర్వాత కోయదు. బుల్లెట్ వాడు ఇంజనాయిలే ఆయిల్ అనుకుని ఫోర్‌స్ట్రోక్ సరుకు పోస్తాడు, ప్లగ్గు బొగ్గయిపోతుంది. మా బాబాయిది టీవీఎస్ ఎక్సెల్ సూపర్.

ఈ ఎక్సెల్ ఇప్పటికీ పశువుల పాకలో ఉంది, అసలు ముప్పు దానితోనే. బంకులో సీసాలకి పెట్రోల్ పొయ్యం అన్నప్పుడల్లా బాబాయి ఉదారంగా తన టాంకులోంచి గొట్టంతో లాగి ఇస్తాడు. అది టూస్ట్రోక్ బండి, ఆ పెట్రోల్లో ముందే ఆయిల్ ఉంది. దానిమీద రెండు మూతలు పోస్తాడు. ఏ సీసా మూత? ఆయిల్ సీసా మూత ఎప్పుడో పోయింది, ఇది క్వార్టర్ సీసాది. మొత్తం ఎంతకెంత అయిందో ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లొచ్చినా తేల్చలేరు. ఈ ప్రాంతంలో పేరొకచోట, వస్తువొకచోట ఉండటం కొత్త కాదులెండి. నూజివీడు రైల్వే స్టేషన్ నూజివీడులో లేదు, మా హనుమాన్ జంక్షన్‌లో ఉంది. బాబాయి నోట్లో పాళ్లకీ సీసాలో పాళ్లకీ దాదాపు అంతే దూరం.

పొగ లేస్తుంది. ఆ పొగకి తేనెమంచు పురుగు పోతుందని ఆయన వాదన. "నూనె ఎక్కువైతే నష్టమేంట్రా, పిస్టన్ చల్లగా ఉంటది" అంటాడు. ఉండదు. అదే జెట్టులోంచి ఆయిల్ ఎక్కువ వెళితే పెట్రోలు తక్కువ వెళుతుంది, గాలి పాలు పెరిగి ఇంజను ఇంకా వేడెక్కుతుంది. సైలెన్సర్ దారి మసితో మూసుకుపోతుంది. జంక్షన్ మెకానిక్‌కి ఇదంతా తెలుసు. బాబాయితో మాత్రం ఎన్నడూ వాదించడు, టీ ఇప్పిస్తాడు. ఇంత పని తెచ్చిపెట్టే మనిషి ఇంకొకడు దొరకొద్దూ!

విచిత్రం ఏమిటంటే ఇదే బాబాయి కోసిన కొమ్మ మొదళ్లకి బోర్డో పేస్టు కలిపేటప్పుడు కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు అని కాటా పెట్టి మరీ తూస్తాడు. అక్కడ ఎండ గుర్తుకు రాదు.

పిన్ని ఒకసారి మనవడి దగ్గు మందు మీదుండే గీతల కప్పు కడిగి తెచ్చి, "ఇదిగో, ఐదు, పది అని గీతలున్నాయి, దీంతో పొయ్యండి" అంది. ఊళ్లో అంతకంటే కచ్చితమైన పరికరం లేదు. "పసిపిల్లల కప్పుతో మిషన్‌కి పోస్తారంటే, నీ మొహం!" అని ఆయన కొట్టిపారేశాడు. కలిపింది నెల దాటితే పారబోయమని పిన్నే అంటుంది. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంది, తేమ పీలుస్తుంది, వానాకాలం డబ్బా అడుగున నీరు చేరుతుంది. బాబాయి నిరుటి డబ్బాని "పాతబడితే చిక్కబడుతుంది" అని అటక మీద దాచాడు.

మొన్న మేనల్లుడు బ్యాటరీ రంపం కొనుక్కొచ్చాడు. పెట్రోల్ లేదు, పొగ లేదు, కలిపేదేమీ లేదు. బాబాయి దాని చుట్టూ తిరిగాడు, అరుగు మీద కూర్చున్నాడు, మజ్జిగ కూడా తాగలేదు. తర్వాత లేచి మిషన్ని పక్కకి వంచి చూశాడు. బ్యాటరీదైనా గొలుసు తడవడానికి చిన్న ఆయిల్ టాంకు ఉంటుంది కదా, ఆ మూత కనబడింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఒరే అల్లుడూ, ఇందులో పెట్రోలెంత కలిపావు?"