తూకం తగ్గిన హార్డ్ డిస్క్

మైపాడు పక్క రొయ్యల గుంటలున్నవాళ్ళను మోసం చెయ్యడం అంత తేలిక కాదు. మోసం జరగదని కాదు, జరక్కముందే వాళ్ళకు అనుమానం వచ్చేస్తుందని. రొయ్యలు పడితే వ్యాపారి కౌంట్ దగ్గర పేచీ పెడతాడు. వడ్లు మిల్లుకేస్తే తేమంటారు, తాలంటారు. ఈ బడిలో ముదిరిన మా బావ, గుంటల కాడి కెమెరాల రికార్డింగు దాచడానికని నెల్లూరులో నాలుగు టీబీల హార్డ్ డిస్క్ కొన్నాడు. కంప్యూటరేమో రెండు టీబీలే ఉందని చెప్పింది.

"అబ్బయ్యా, సగానికి సగం నొక్కేశార్రా!" అని పొద్దున్నే ఫోను.

బంధువుల్లో ఒకడు కంప్యూటర్ చదివితే మిగతావాళ్ళందరికీ వాడు జీతంలేని మెకానిక్కు. నేను పోయేసరికి బావ డిస్కు డబ్బా, దానికి పిన్ను కొట్టిన బిల్లు బల్ల మీద సిద్ధంగా పెట్టుకుని, కొట్టువాడి మీద కేసు ఏ కోర్టులో వెయ్యాలో ఆలోచిస్తున్నాడు.

"బావా, కేసెయ్యకముందు ఒక సంగతి. ఇది ఎంత బాగా పనిచేసినా నాలుగని చూపించదు. 3.63 చూపిస్తుంది."

"అంటే ఆ మిగతాది పోయినట్టేనా?"

పోలేదు. డిస్కులు చేసేవాళ్ళు వెయ్యిచొప్పున లెక్క కడతారు. వాళ్ళకు టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ 1024 చొప్పున కడుతుంది. దాని టీబీలో 1,099,511,627,776 బైట్లుంటాయి. కిలోబైటు దగ్గర ఈ తేడా 2.4 శాతమే, ఎవరికీ పట్టదు. మెగా దగ్గర ఐదుకు దగ్గర పడుతుంది, గిగా దగ్గర ఏడు దాటుతుంది, టెరాకు వచ్చేసరికి ఇంచుమించు పది. డిస్కు పెద్దదయ్యేకొద్దీ కొన్నవాడి గుండెల్లో మంట కూడా పెద్దదవుతుందన్నమాట.

"ఒకే పేరుకు రెండు కొలతలేందిరా? యాడన్నా ఉండాదా?"

"నెల్లూరు పుట్టి ఎంత బావా?"

"850 కిలోలు."

"మిల్లులో ఎంత తూస్తే పుట్టి అంటారు?"

బావ కాసేపు మాట్లాడలేదు. ఆ తేడా మీద ప్రతి కోతలకూ రైతులు గొడవపెడతానే ఉంటారు, పేపర్లు రాస్తానే ఉంటాయి.

నిజానికి మన తాతలు విండోస్ పక్షం. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, రెండు కుంచాలు ఇరస, రెండు ఇరసలు తూము. కంప్యూటర్ ఇంతకంటే చక్కగా లెక్కపెట్టదు. తూము దాకా వచ్చి, అక్కడ బుద్ధి మారి, ఇరవై తూములు పుట్టి అన్నారు. పాత ఫ్లాపీ మీద 1.44 ఎంబీ అని ఉండేది, గుర్తుందా? అందులో 1440 కిలోబైట్లు, కిలోబైటుకు 1024 చొప్పున. ఎంబీ చేసేటప్పుడు మాత్రం వెయ్యితో భాగించారు. ఆ లెక్క వేసినాయనకు మన పుట్టి సంగతి ఎవరో చెప్పే ఉంటారు.

ఈ గొడవ తీర్చడానికే 1998లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఈసీ 1024 లెక్కకు టెబీబైటు అని వేరే పేరు పెట్టింది. మంచి పేరే. కొట్టుకు పోయి నాలుగు టెబీబైట్లు ఇవ్వమని అడిగితే నోరు తిరగనివాడని జాలిపడి కుర్చీ వేస్తారు. 2009లో ఆపిల్ తన మ్యాక్‌లలో డిస్కుల్ని కంపెనీ లెక్కలోనే చూపించడం మొదలుపెట్టి తగువు తెంపుకుంది.

బావకు అసలు ఊరట ఇంకోచోట దొరికింది. డిస్కు ప్రాపర్టీస్‌లోకి పోయి మొత్తం బైట్లు చూపించాను: 4,000,787,030,016. డబ్బా మీద చెప్పినదానికంటే 78 కోట్ల బైట్లు ఎక్కువ.

"ఇదేంది?"

"కొసరు."

బావ ముఖం మొదటిసారి విప్పారింది. అడక్కుండా కొసరేసిన వ్యాపారిని ఆయన ఇంతవరకూ చూసినట్టు లేదు.

ఇక రెండు దగ్గర ఆగిపోయిన సంగతి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే 2048 జీబీ మీద నీలంపట్టీ, దాని పక్కనే 1678.02 జీబీ మీద నల్లపట్టీ, 'అన్ఎలొకేటెడ్' అని. ఆ నల్లదాని మీద మౌస్ కుడి బటన్ నొక్కితే కొత్త వాల్యూమ్ చేసే వరుస వెలిసిపోయి ఉంది, నొక్కుడు పడదు. అంటే సరుకు మొత్తం ఇంట్లోనే ఉంది, పట్టాలోనే సగం రాశారు. ఆ పట్టా పేరు ఎంబీఆర్. 1983 నాటిది. ఆ ఏడు వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో డిస్కు పది ఎంబీలు. అందుకని సెక్టార్లకు నంబర్లు వెయ్యడానికి 32 బిట్లు చాలనుకున్నారు. సెక్టారుకు 512 బైట్ల చొప్పున 429 కోట్ల చిల్లర సెక్టార్లు లెక్కపెట్టేసరికి నంబర్లు అయిపోతాయి. విండోస్ లెక్కలో అది సరిగ్గా రెండు టీబీలు. మూడో టీబీ ఎదురుగా నిలబడి చెయ్యెత్తినా పిలవడానికి నంబరు లేదు.

దీనికి మందు జీపీటీ అనే ఇంకో రకం పట్టా. దాంట్లో నంబరుకు 64 బిట్లు. ముందు రికార్డింగులన్నీ వేరే డిస్కుకు ఎక్కించి, విండోస్‌లో మాటలు టైపు చేసి డిస్కుల్ని సర్దే డిస్క్‌పార్ట్‌లో 'లిస్ట్ డిస్క్' కొట్టాను. ఇక్కడ మాత్రం వేళాకోళం పనికిరాదు. తర్వాత కొట్టే 'క్లీన్' మాట ఎంపిక చేసిన డిస్కును ఊడ్చేస్తుంది. సున్నా నంబరు సాధారణంగా విండోస్ ఉన్నదే, దాన్ని ఊడిస్తే అడిగే నాథుడుండడు. సైజు చూసుకుని ఒకటో నంబరు ఎంచి, 'క్లీన్', 'కన్వర్ట్ జీపీటీ' కొట్టి, మళ్ళీ లిస్టు చూస్తే జీపీటీ వరుస కింద చిన్న నక్షత్రం గుర్తు పడింది. ఫార్మాట్ అయ్యాక 3.63 టీబీ.

బావ తృప్తిపడ్డాడనే అనుకున్నా. కాఫీ తాగుతా, ఈ తరుగు మీద అమెరికాలో వెస్ట్రన్ డిజిటల్ మీద, సీగేట్ మీద కేసులు పడ్డాయనీ, 2007లో సీగేట్ అయిదు శాతం వెనక్కివ్వడానికో, లేదంటే ఉచితంగా సాఫ్ట్‌వేర్ ఇవ్వడానికో రాజీ పడిందనీ చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"మనకిస్తారా?"

"2001, 2007 మధ్య అక్కడ కొన్నవాళ్ళకే బావా. అదీ ఎప్పుడో అయిపోయింది."

"మా చిన్నాయన కొడుకు 2005లో డాలస్‌లోనే ఉండాడు కదరా. కొన్నాడేమో, రొంత కనుక్కో."