పాట పూర్తయితే పరువు పోయినట్టే

కచేరీకి టికెట్టు కొన్నవాడు పాట మొదలవ్వాలని, సాగాలని, ముగియాలని కోరుకుంటాడు. న్యాయమైన కోరికే. హిప్‌హాప్, జమైకా వారి డ్యాన్స్‌హాల్ సంగీత కళాకారుల పేర్లు ఒకే పోస్టరు మీద అచ్చేసిన నైట్‌క్లబ్బులో మాత్రం ఆ న్యాయం చెల్లదు. అక్కడ పాట ఎత్తుకుని పట్టుమని పది సెకన్లు గడవకముందే జనం ఈలలు వేస్తారు, లైటర్లు వెలిగిస్తారు, రెండు వేళ్లు పిస్తోలులా చాచి పైకప్పుకు గురిపెడతారు, ఎవరో చెవులు పగిలేలా హారన్ కొడతారు. వెంటనే సెలెక్టర్ అనే పెద్దమనిషి తిరుగుతున్న రికార్డు మీద అరచెయ్యి ఆనించి చర్రున వెనక్కి తిప్పుతాడు. కీచుమని ఒక చప్పుడు, ఆపైన ఏమీ లేదు. ఆ సందులో ఆయన మైకందుకుని ఈ పాట ఎంత గొప్పదో, దాన్ని వేసిన తాను ఇంకెంత గొప్పవాడో సెలవిచ్చి, తీరిగ్గా మళ్లీ మొదటినుంచి వేస్తాడు. కొత్తగా వచ్చినవాడు యంత్రం చెడిందనుకుని జాలిపడతాడు. చెడలేదు. దీన్ని పుల్-అప్ అంటారు, రివైండ్ అంటారు. ఆ పాటకు ఇంతకుమించిన సన్మానం ఆ గదిలో లేదు. అసలు ఈ సంగీతాన్ని పాడినవాళ్లకంటే మధ్యలో ఆపినవాళ్లే ఎక్కువ పెంచి పోషించారని నా వాదన. వినగానే వితండంలా ఉంటుంది. సాక్ష్యాలున్నాయి, వినండి.

మొదటి సాక్షి జమైకా రాజధాని కింగ్‌స్టన్. 1950లలో అక్కడ వాద్యబృందాన్ని పిలిపించుకునే స్తోమత లేని పేటల్లో సౌండ్ సిస్టమ్ అనేది వెలిసింది. బీరువాలంతేసి స్పీకర్లు, ఒక యాంప్లిఫయరు, కొన్ని అమెరికా రికార్డులు, మైకు దగ్గర ఒక వాచాలుడు. పాట నడుస్తుండగానే ఈ వాచాలుడు మధ్యలో దూరి కబుర్లు చెప్పేవాడు. కొన్నాళ్లకు జనం పాటకంటే ఆ కబుర్లకే రావడం మొదలుపెట్టారు. అప్పుడు కింగ్ టబ్బీ అనే రేడియో మెకానిక్కు ఒక ఉపాయం తోచింది. పాట టేపులోంచి గాయకుడి గొంతు తీసేసి, అక్కడో ముక్క ఇక్కడో ముక్క మాత్రం ఉంచి, మిగతా జాగా మాట్లాడేవాడికి వదిలేశాడు. ఆ జాగాలో యూ-రాయ్ ప్రవేశించాడు. గాయకుడు ఒక వాక్యం అనీ అనకముందే ఈయన జవాబు చెప్పేవాడు. 1970లో ఆయన రికార్డులు జమైకాలో మొదటి మూడు స్థానాలూ ఆక్రమించుకున్నాయి. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి వేరే ఉంది. యూ-రాయ్‌ను పిలిచి రికార్డు చేయించమని నిర్మాత డ్యూక్ రీడ్‌కు సిఫారసు చేసినవాడు జాన్ హోల్ట్ అని చెబుతారు. జాన్ హోల్ట్ ఎవరు? యూ-రాయ్ అడ్డుపడి మాట్లాడుతున్న పాటల్లో ఒకదాన్ని పాడిన గాయకుడు! తన పాటకు అడ్డొచ్చినవాడికి తానే ఉద్యోగం ఇప్పించిన విద్వాంసుణ్ణి మరే సంగీత చరిత్రలోనూ చూపించలేం. మన సభల్లో ముందు వరసలో ఎవరైనా దగ్గితేనే భాగవతార్లకు కోపం వస్తుంది.

రెండో సాక్షి సముద్రం దాటాడు. కింగ్‌స్టన్‌లో పుట్టిన క్లైవ్ క్యాంప్‌బెల్ పన్నెండేళ్ల వయసులో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ చేరి, కూల్ హెర్క్ అయ్యాడు. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు భవనంలో ఆయన చెల్లెలు సిండీ ఒక పార్టీ పెట్టింది. బడికి కొత్త బట్టలు కొనుక్కోవడానికి నాలుగు డబ్బులు రావాలని ఆ పిల్ల ఆలోచన. ఆడపిల్లలకు పావు డాలరు, మగపిల్లలకు అర డాలరు. హిప్‌హాప్ పుట్టినరోజుగా ప్రపంచం జరుపుకునేది ఆ తేదీనే. హెర్క్ గమనించిందేమిటంటే, జనం పాట పొడుగునా ఊరికే నిలబడి, గాయకుడు నోరు మూసుకుని డ్రమ్ములు ఒంటరిగా మోగే ఆ కాసిన్ని క్షణాలకే ఒళ్లు విరుచుకుని దూకుతున్నారు. సరే, మిగతా పాటతో మనకేం పని? ఒకే రికార్డు రెండు ప్రతులు కొని, ఒకదానిలో ఆ ముక్క అయిపోగానే రెండోదానిలో మళ్లీ అదే ముక్క, ఈలోగా మొదటిది వెనక్కి. పాటలో పల్లవి, చరణం, కవి, గాయకుడు అందరూ సెలవు తీసుకోగా మిగిలిన ఆ ముక్కమీద నిలబడి మైకువాళ్లు ప్రాసలు కట్టారు. ఆ ప్రాసల వ్యాపారం ఇవాళ ఎన్ని కోట్లదో చెప్పనక్కర్లేదు.

ఇక డ్యాన్స్‌హాల్‌లో రిడిమ్ అనే ఏర్పాటు ఉంది. ఒక వాద్యవరస తయారవుతుంది, దానిమీద పదిమంది, ఇరవైమంది ఎవరి పాట వాళ్లు కట్టుకుంటారు. స్టీవెన్ మార్స్‌డెన్, అందరూ పిలిచే పేరు లెంకీ, తయారుచేసిన ఒక రిడిమ్ పేరు సాక్షాత్తూ దివాలీ. చప్పట్ల వరస మీద నడిచే ఆ దీపావళి మీదే షాన్ పాల్ పాడిన ‘గెట్ బిజీ’ 2003లో అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. వేన్ వండర్ పాటా దానిమీదే, లూమిడీ పాటా దానిమీదే. క్లబ్బులో సెలెక్టర్ ఈ రిడిమ్ ఎత్తుకున్నాడంటే ఏ పాటనూ చివరిదాకా పోనివ్వడు. ఒకరి చరణం కాగానే చప్పట్లు ఆగకుండా ఇంకొకరి గొంతు దింపుతాడు, ఆ వెంటే మరొకరిది. ఒక్క పాటా పూర్తిగా వినకుండానే పాతికమంది గాయకులను విన్న తృప్తితో జనం చెమట తుడుచుకుంటారు.

డబ్బిచ్చినవాడి పక్షాన ఒక ఆక్షేపణ ఉంటుంది: ఇంత పోసి టికెట్టు కొంటే అర్ధరాత్రి దాటాక వచ్చే ర్యాపర్ సగం పాడి, మిగతా సగానికి మైకు మనవైపు చాపుతాడేమిటి, మనమే పాడుకునేదానికి ఆయనకు పారితోషికం దేనికి అని. ఆక్షేపణ బలమైనదే. ఆయన వెనకాల సొంత గొంతుతో ట్రాకు నడుస్తూ ఉన్నప్పుడు మరీ బలమైనది. అయితే ఇక్కడ టికెట్టు వినికిడికి కాదు, తీర్పు చెప్పే హక్కుకు. మన నాటకాల రోజుల్లో కాటిసీనులో హరిశ్చంద్రుడు పద్యం ముగించగానే జనం వన్స్‌మోర్ అంటే, ఆయన కన్నీళ్లు తుడుచుకుని, శ్రుతి సరిచూసుకుని, అదే దుఃఖంలో మళ్లీ పడేవాడు. పక్కన శవంగా ఉన్న లోహితాస్యుడు ఓపిగ్గా ఇంకోసారి శవంగా ఉండేవాడు. కథ ఆగిపోయిందని ఎవరూ టికెట్టు డబ్బులు వెనక్కి అడగలేదు. తేడా ఒక్కటే: మనవాళ్లు పద్యం అయ్యాక అడిగారు, కింగ్‌స్టన్ వాళ్లకు అంత ఓపిక లేదు. ఇక పాటల్లో తుపాకులు, బూతుల మాటకొస్తే, వాటిని నేను వెనకేసుకు రాను. ఆ పాటల్ని ఆపేసి మళ్లీ మొదలుపెట్టకపోయినా నాకు అభ్యంతరం లేదు.

గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది. రివైండ్ ఇప్పుడు జనం అడిగి తెచ్చుకునేది కాదు, సెలెక్టర్ తనకు తానే కప్పుకునే శాలువా అయిపోయింది. ఒక్క లైటరూ వెలగదు, ఒక్క ఈలా పడదు, అయినా ఈయన పాట ఆపి మైకులో తన్ను తానే పొగుడుకుంటాడు. హారన్ చప్పుడు కూడా బటనులోనే ఉంది, జనంతో పనిలేదు. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. ఆపడం అడిగినవాళ్ల కోసం కానప్పుడు అది ఉత్త అంతరాయం. అసలు సెలెక్టర్‌ను గుర్తుపట్టే గుర్తు ఒకటుంది: చెయ్యి రికార్డు మీద ఉంటుంది, కళ్లు మాత్రం జనం మీద ఉంటాయి. దొంగ సెలెక్టర్ కళ్లు తన వీడియో తీస్తున్న ఫోను మీద ఉంటాయి.

అడగకుండా ఆపేవాళ్లలో అగ్రగణ్యులు పోలీసులు. లండన్ పోలీసులు 2005 నుంచి క్లబ్బుల చేత 696 అనే ఫారం నింపించుకునేవారు. పద్నాలుగు రోజుల ముందే కళాకారుల పేర్లు, మారుపేర్లు, ఇంటి చిరునామాలు, ఫోను నంబర్లు రాయాలి. ఏ రకం సంగీతమో కూడా చెప్పాలి. మొదట్లో వచ్చే ప్రేక్షకులు ఏ జాతివాళ్లన్న ప్రశ్న కూడా ఉండేది. నల్లవాళ్ల సంగీతం మీదే ఈ శ్రద్ధంతా అని గొడవ ముదిరి, 2017 నవంబరులో ఫారం రద్దయింది. జమైకాలో 1997 నాటి శబ్ద నియంత్రణ చట్టం మామూలు రోజుల్లో అర్ధరాత్రికి, వారాంతాల్లో రెండింటికి స్పీకర్లు కట్టేయమంటుంది. ఇరుగుపొరుగు నిద్ర సంగతి చూస్తే తప్పు పట్టలేం. కానీ పాటకు నాలుగేసి రివైండ్లు పడే ఊళ్లో రెండు గంటలకు ముగించమంటే, పోస్టరులో అడుగున పేరున్న కుర్రాడికి వంతు వచ్చేదెప్పుడు? 2020 మే 23న డ్యాన్స్‌హాల్ గాయకులు బీనీ మ్యాన్, బౌంటీ కిల్లర్ కింగ్‌స్టన్‌లో పాటలతో ఢీకొంటూ ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రత్యక్షంగా కనిపిస్తుంటే, లక్షలమంది కళ్లెదుటే పోలీసులు వచ్చారు. ప్రపంచమంతా చూస్తోంది, దీన్ని ఆపినవాడు నువ్వే అనిపించుకుంటావా అన్న ధోరణిలో బీనీ మ్యాన్ వాళ్లను నిలదీశాడు. ఆట సాగింది. పోలీసులు ఆపడానికి రావడంలో నాకేమీ తప్పు కనిపించలేదు. ఆపాక మళ్లీ మొదటినుంచి వేయమనాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.