కుర్చీకి బెల్టు కట్టగానే ఫ్యామిలీ రెస్టారెంటా?

మా ఏ.ఎస్. రావు నగర్‌లో బయల్దేరి సైనిక్‌పురి దాకా ఓసారి నడిచి రండి. ఎటు చూసినా "మల్టీ క్యుజిన్ ఫ్యామిలీ రెస్టారెంట్" బోర్డులే. ఏ దేశపు తిండయినా దొరుకుతుందనీ, ముసలీ ముతకా పిల్లా మేకా అందరూ రావచ్చనీ దానర్థం కాబోలు. లోపలికెళ్లి కూర్చుంటే ఆ రెండు మాటల్లో నిజమెంతో పావుగంటలో తేలిపోతుంది.

నాకు సణుగుడు ఎక్కువని మా ఇంట్లో పేరు. ఆదివారం వచ్చిందంటే మనవరాలు ఫోన్ పట్టుకుని హోటళ్లకి నక్షత్రాలు చూస్తుంది. దీనికి నాలుగున్నర, దానికి నాలుగుంపావు అంటుంది. పెళ్లికి నక్షత్రాలు చూడ్డం మానేసిన కాలం, బిర్యానీకి మాత్రం చూడందే కదలదు. ఎవరిచ్చారే ఈ నక్షత్రాలు అంటే "తినొచ్చిన వాళ్లు తాతయ్యా" అంటుంది. తినొచ్చిన వాళ్లకి నా మోకాళ్ల సంగతి తెలుసా? ఐదేళ్ల మనవడు కారం తినలేడని తెలుసా?

మా రోజుల్లో ఇక్కడ హోటళ్లే లేవు. ముందు ఆ సంగతి చెప్పాలి. 1967లో ఈసీఐఎల్ అనే సర్కారీ ఎలక్ట్రానిక్స్ కంపెనీ పెట్టారు. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరే మా కాలనీకి. తర్వాత నాలుగేళ్లకి న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వచ్చింది. అటుపక్క సైనిక్‌పురి, మిలటరీ ఆఫీసర్లు రిటైరై ఇళ్లు కట్టుకున్న చోటు. ఇంకాస్త ముందుకెళితే నేరేడ్‌మెట్, తిరుమలగిరి, బొల్లారం, అంతా కంటోన్మెంటు గాలి. దాంతో దేశంలో ఉన్న భాషలన్నీ వచ్చి ఈ రాళ్లగుట్టల మధ్య కాపరం పెట్టాయి. దేశమంతా ఈసీ టీవీ కొనుక్కుని చూస్తున్న రోజుల్లో, ఈసీఐఎల్‌లో ఆ టీవీలు బిగించే చోట నా ఎడంపక్క బల్ల త్రిసూర్ ఆయనది, కుడిపక్క బల్ల కలకత్తా ఆయనది. ఎదురుగా కుంభకోణం అయ్యరు. స్టోర్సులో జలంధర్ సర్దార్జీ. మధ్యాహ్నం కేరేజీలు విప్పితే మల్టీ క్యుజిన్ అంటే అదీ! దానికి బోర్డు అక్కర్లేదు, బిల్లూ అక్కర్లేదు.

ఇళ్ల దగ్గరా అంతే. ఓణం నాడు పక్కింటి నుంచి ప్రహరీ మీదుగా అవియల్, పాయసం వచ్చేవి. దుర్గపూజ అయిపోయాక బెంగాలీ వాళ్ల నారికేళ లడ్డూలు. పొంగల్‌కి అయ్యరు గారింటి సక్కరైపొంగల్. చలికాలం సర్దార్జీ భార్య మొక్కజొన్న రొట్టె, ఆవాకు కూర పంపేది. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మా ఆవిడ మన గోంగూర పచ్చడో, పూర్ణాలో పెట్టి పంపేది. గోంగూర తిన్న కలకత్తా ఆయన మర్నాడు ఆఫీసుకి మంచినీళ్ల సీసాలు రెండు తెచ్చుకున్నాడు. మా పిల్లలకి కొబ్బరినూనె వాసన వింత కాకుండా పోయింది అలాగే. వాళ్లకి దేశపటం బళ్లో కన్నా ముందు వంటింట్లో తెలిసింది.

హోటలుకి వెళ్లాలంటే మాత్రం బస్సెక్కి సికింద్రాబాద్ పోవాల్సిందే. అది నెలకోసారి జరిగే సంబరం. జీతాలొచ్చిన వారం. ఎస్.డి. రోడ్డు తాజ్‌మహల్లో ఇడ్లీ సాంబారు, పిల్లలకి మసాలా దోసె. సినిమా చూసి ఆకలేస్తే ఇరానీ హోటలు. సరదా పుడితే పార్క్ లేన్ నాన్‌కింగ్‌లో నూడుల్స్. వాటిని ఫోర్కుతో ఎలా ఎత్తాలో తెలీక మా వాడు చేత్తో తినేవాడు, ఎవరూ నవ్వేవారు కాదు. ప్యారడైజ్ అంటే ఇప్పటి పిల్లలకి ఊరూరా బ్రాంచీలున్న బిర్యానీ కంపెనీ. 1953లో అది సినిమా హాలు పక్కన చిన్న టీ కొట్టుగా మొదలైందంటే నమ్మరు.

ఇరానీ హోటల్లో ఓ మూల తెరలు కట్టిన గదులుండేవి. పైన "ఫ్యామిలీ రూమ్" అని ఎర్రక్షరాలు. ఫ్యామిలీ అన్నమాట హోటలు గోడ మీద నేను మొదట చదివింది అక్కడే. మగాళ్లంతా బయట పాలరాతి బల్లల దగ్గర పేపరు చదువుతూ, సిగరెట్లు కాలుస్తూ, ఒక పౌనా చాయ్ మీద గంటలు గడిపేవాళ్లు. ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నవాళ్లు తెర వెనక్కి. అక్కడ కూర్చుంటే పిల్లాడు గుక్కపట్టి ఏడ్చినా ఎవరూ తల తిప్పి చూడరు, టీ ఒలికినా గుడ్డ తెచ్చి తుడుస్తారు. ఉస్మానియా బిస్కెట్లు ప్లేటు నిండా తెచ్చి పెట్టి, ఎన్ని తిన్నామో లెక్కగట్టి ఆ అబ్బాయి అక్కణ్నుంచే గల్లా పెట్టె వైపు కేకేసేవాడు. రూపాయి ఇస్తే చిల్లర తిరిగొచ్చేది.

అంతా బంగారమని చెప్పను. ఆ గదిలో ఫ్యాను తిరిగిన రోజు తక్కువ. తెర ఉతికిన ఛాయలూ తక్కువే. ఆడవాళ్లకి బాత్రూం అనే ఆలోచనే ఎవరికీ లేదు. "తెర కట్టుకుని తినడానికైతే మనిల్లు చాలదా, ఇంత దూరం బస్సెక్కి రావాలా?" అని మా ఆవిడ ఓసారి అడిగింది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఉడిపి హోటళ్లలో ఆదివారం వస్తే మన కుర్చీ వెనక ఇంకో కుటుంబం నిలబడి, మనం ఎప్పుడు లేస్తామా అని ముద్ద ముద్దకీ చూస్తుండేది. పెరుగన్నం ఆదరాబాదరాగా మింగాల్సొచ్చేది.

ఇప్పుడు తెర లేదు, ఏసీ ఉంది, బాత్రూం ఉంది. ఒప్పుకుంటాను. మా కోడలు తలెత్తుకుని వెళ్లి హాలు నడిమధ్య బల్ల దగ్గర కూర్చుని ఆర్డరిస్తుంటే నాకు ముచ్చటేస్తుంది. కానీ ఆమె ఏం ఆర్డరిస్తోందో నాకు వినబడదు! తలమీద స్పీకరు. అందులో దడదడమని పాట. మనవడు ఏదో అడుగుతాడు, నేను "ఆఁ?" అంటాను, వాడు మళ్లీ అరుస్తాడు, అంతలో వాడికే విసుగొచ్చి ఫోన్ తీసుకుంటాడు. నలుగురం కలిసి తిందామని వెళ్లి, నలుగురం నాలుగు ఫోన్లు చూసుకుని రావడానికి పిల్లల్ని తిట్టి ఏం లాభం? మాట వినబడని చోట ఇంకేం చేస్తారు?

మెనూ అడిగితే బల్లకి అతికించిన నలుపు తెలుపు గళ్ల చదరం చూపిస్తారు. కరోనా రోజుల్లో వచ్చింది, కరోనా పోయినా ఇది పోలేదు. ఫోన్‌తో దాన్ని ఫొటో తీస్తే చిన్న తెర మీద పెద్ద పట్టీ తెరుచుకుంటుంది. చైనీస్, తందూరీ, ఇటాలియన్, మెక్సికన్, అరేబియన్, ఆంధ్రా, తెలంగాణా. వందల పేర్లు. ఇన్ని వంటలకి వెనకుండేది ఒకే వంటగది, రెండు మూడు బకెట్ల గ్రేవీ. ఎర్రది, పచ్చది, తెల్లది. వాటిలో పనీరు పడితే ఒక పేరు, కోడి పడితే ఇంకో పేరు. త్రిసూర్ కూరా జలంధర్ కూరా నోట్లో ఒకటే అయ్యాయంటే, ఇన్ని భాషలవాళ్లం ఇక్కడ ఇన్నేళ్లు కాపరాలు చేసి ఏం లాభం?

అక్కడ పనిచేసే కుర్రాళ్లని ఒక్కమాట అనను. అస్సాం నుంచో ఒడిశా నుంచో వచ్చి పొద్దస్తమానం కాళ్ల మీద నిలబడతారు. నా మాట వాడికీ వాడి మాట నాకూ అర్థంకాకపోయినా "దాదాజీ" అని నీళ్ల గ్లాసు ముందు నాకే పెడతారు. నా తగువు యజమానితో. మొన్నామధ్య ఒకచోట, పేరెందుకులెండి, పిల్లాడికి కారం లేకుండా ఏదైనా పెట్టమంటే "అన్నీ ప్రీమిక్స్ సార్, తగ్గించలేం" అన్నారు. హోటలు మూడో అంతస్తులో. లిఫ్టు సామాన్లు మోయడానికట. మా ఆవిడ మెట్టు మెట్టుకీ ఒక దేవుణ్ని తల్చుకుంటూ ఎక్కింది. పైకెళ్లాక పిల్లాడికి బెల్టు కట్టిన ఎత్తు కుర్చీ, ఒక బెలూనూ ఇచ్చారు. అదీ వాళ్ల ఫ్యామిలీ. చివర బిల్లులో సర్వీస్ చార్జీ! హోటళ్లు దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల సంస్థ 2022 జులైలోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ అదే ఖాయం చేసింది. తీసెయ్యమంటే అదేదో అప్పు అడిగినట్టు చూశారు. తీశారనుకోండి. కట్టాల్సిన జీఎస్టీ కట్టి, చేతిలో పెట్టాల్సింది ఆ కుర్రాడి చేతిలోనే పెట్టొచ్చాను.

ఇంకో పిచ్చి మయోనైజ్. సమోసాకీ అదే, కబాబుకీ అదే. 2024 అక్టోబరు చివర్లో మన రాష్ట్రంలో పచ్చిగుడ్డు మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించాల్సి వచ్చింది, అది తిని జనం ఆస్పత్రుల పాలవుతున్నారని. మా రోజుల్లో పచ్చిగుడ్డు పాలల్లో కొట్టి తాగే పహిల్వాన్లు ఉండేవాళ్లు. కాకపోతే అది వాళ్ల సొంత కోడిది, వాళ్ల సొంత పొట్ట.

మరి మంచి చోట్లే లేవా? ఉన్నాయి. బోర్డు చూసి వెతికితే దొరకవు, మనుషుల్ని చూసి వెతకాలి. ఆదివారం చర్చి వదిలాక మలయాళీ కుటుంబాలు తాతా అమ్మమ్మలతో సహా ఎక్కడ దిగుతున్నాయో చూడండి. అక్కడ అప్పం మెత్తగా ఉంటుంది, స్ట్యూ కమ్మగా ఉంటుంది, పిల్లాడికి కారం గొడవే లేదు. రిటైరైన సుబేదారు గారు మనవలతో వెళ్లే ధాబాలో పప్పు రుచిగా ఉంటుంది. అయ్యర్లు చీటికీ మాటికీ వెళ్లే చోట కాఫీ బాగుంటుంది. తన ఊరి వంట కోసం ఒక మనిషి తన తల్లిని వెంటబెట్టుకుని వెళ్లాడంటే, ఏ నక్షత్రాలూ దానికి సాటిరావు.

ఈ మధ్య మండీ హోటళ్లొచ్చాయి. మండీ అంటే అరబ్బుల మాంసం అన్నం. మొదట్లో నేను మొహం చిట్లించాను. నిజాం కొలువులో పనిచేయడానికి యెమెన్ వైపు నుంచి వచ్చిన అరబ్బుల సంతతి పాతబస్తీ బార్కస్‌లో తరాలుగా ఉంది. అక్కణ్నుంచి ఆ వంట ఊరంతా పాకింది. పెద్ద పళ్లెం మధ్యలో పెడతారు, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని అందులోనే తినాలి. మసాలా తక్కువ, కారం మన చేతిలో. మనవడికి మెత్తటి ముక్క తీసిపెట్టాను, వాడు కిస్‌మిస్‌లు ఏరి నా వైపు తోశాడు. తిన్నంతసేపూ ఒక్కరూ ఫోన్ ముట్టుకోలేదు. చేతులకి నెయ్యి మరి! కింద కూర్చోలేనంటే బల్ల కూడా వేశారు. బోర్డు మీద ఫ్యామిలీ అన్న మాట లేదు.

పెద్దవాళ్లనీ పిల్లల్నీ తీసుకెళ్లే వాళ్లకి నా సలహా ఇదీ. ముందు ఫోన్ చేసి మెట్లున్నాయా, లిఫ్టు పనిచేస్తోందా అడగండి. పన్నెండున్నరకల్లా వెళ్లండి, ఒంటిగంటన్నర తర్వాత ఏ హోటలూ ఫ్యామిలీ హోటలు కాదు. కూర్చునే ముందు చేతులు కడుక్కునే వంకతో బాత్రూం చూసి రండి, వంటిల్లు ఎలా ఉందో సగం అక్కడే తెలుస్తుంది. మెనూలో లేకపోయినా పెరుగన్నం అడగండి. కలిపి తెచ్చారంటే ఆ హోటలుకి తల్లీ తండ్రీ ఉన్నట్టే. "మెనూలో లేదు సార్" అన్నారంటే మంచినీళ్లు తాగి లేచి వచ్చేయండి.

యజమానులకీ ఒక మాట. పది కాయితం మెనూలు అచ్చువేయండి, అక్షరాలు పెద్దవి పెట్టండి. పిల్లలకి కారం లేని వంట ఒక్కటైనా రోజూ వండండి. కింది అంతస్తులో ముసలివాళ్ల కోసం నాలుగు బల్లలు ఉంచండి. చేతులున్న కుర్చీలు వెయ్యండి, లేవడానికి ఆసరా కావాలి. వందల వంటలు మాకొద్దు, మీ అమ్మ చేసే పది వంటలు చాలు. అన్నిటికన్నా ముందు ఆ పాట ఆపండి. మా మనవడు ఏదో చెబుతున్నాడు, విననివ్వండి.