టికెట్టు లేని టూరు మేనేజరు

అయిదేళ్లు నిండని పిల్లలకి రైల్లో టికెట్టు అక్కర్లేదు. విడిగా బెర్తు అడగకపోతే పైసా కట్టక్కర్లేదు. ఈ రూలు పెట్టిన వాళ్లకి పిల్లలంటే ప్రేమ ఉంటే ఉండొచ్చు గానీ, వాళ్లని వెంటేసుకుని ఊళ్లు తిరిగిన అనుభవం మాత్రం ఉండదు. టికెట్టు లేని ఆ మనిషే ఎప్పుడు బయల్దేరాలో, ఎక్కడ ఆగాలో, ఎవరేం తినాలో, ఏ చారిత్రక కట్టడాన్ని గుమ్మం దాకా వెళ్లి చూడకుండా తిరిగి రావాలో నిర్ణయిస్తుంది. టికెట్లు కొనుక్కున్న వాళ్లు సామాన్లు మోస్తారు.

క్రిస్మస్ సెలవుల్లో హైదరాబాద్ చూసొద్దామన్న ఆలోచన మా ఆయనది. "బుజ్జి ఎల్‌కేజీకి వచ్చింది. ఎంతసేపూ ఈ రాజమండ్రీ, ఈ గోదావరి గట్టూనేనా? నాలుగు చోట్లు తిప్పితే లోకజ్ఞానం వస్తుంది" అన్నారు. అని ఊరుకోలేదు. మార్చి నెలాఖర్లో ఆఫీసు లెక్కల మీద చూపించే శ్రద్ధంతా చూపించి ఒక ఎక్సెల్ షీటు తయారుచేశారు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూ పార్కుకి సోమవారం సెలవు, గోల్కొండకి పొద్దున్నే వెళ్తే ఎండ ఉండదు, చార్మినార్ సాయంత్రం బాగుంటుంది. అన్నీ గళ్లు గీసి, రంగులు వేసి మరీ రాశారు. బుజ్జికి ఎప్పుడు సెలవో రాయడానికి మాత్రం అందులో గడి లేదు.

బస దగ్గర ఇంకో గొడవ. మన వైపు వాళ్లు హైదరాబాద్ వెళ్లి హోటల్లో దిగడమంటే చుట్టరికాలు తెంచుకోవడం కిందే లెక్క. మా ఆడపడుచు కూకట్‌పల్లిలో ఉంటుంది. "ఇల్లుండగా హోటలేంటి వదినా, నలుగురూ వింటే ఏమనుకుంటారు?" అని నన్ను నిలదీసింది. హోటల్ బుక్ చేసింది వాళ్లన్నయ్య. సంజాయిషీ చెప్పుకోవాల్సింది నేను. ఆ మాటకొస్తే, కూకట్‌పల్లి నుంచి చార్మినార్ వెళ్లి రావడానికి పట్టే టైములో రాజమండ్రి నుంచి కాకినాడ వెళ్లి, కాజాలు కొనుక్కుని, ఇంటికొచ్చి భోజనం చేయొచ్చు. అందుకని లక్డీకాపూల్‌లోనే గది తీసుకున్నాం. ఆడపడుచుకి ఒక పూట భోజనం బాకీ పడ్డాం.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో నాది కింది బెర్తు. బుజ్జి కాసేపు కిటికీ దగ్గర, కాసేపు నా ఒళ్లో, కాసేపు ఎదుటి సీటావిడ పులిహోర డబ్బా దగ్గర గడిపి, నిడదవోలు దాటేసరికి బెర్తుకి అడ్డంగా పడుకుంది. నిలువుగా పడుకుంటే అంచున నాకు జానెడు చోటైనా మిగిలేది. బెర్తు లేని మనిషి గురక పెట్టి నిద్రపోయింది. బెర్తున్న నేను కాళ్లు ముడుచుకుని తెల్లారేదాకా కాపలా కాశాను. పై బెర్తు మీంచి మా ఆయన తల కిందికి వంచి, "హాయిగా నిద్ర పట్టినట్టుందే!" అన్నారు. ఎవరికో చెప్పలేదు.

రైలు వాళ్లు వయసడిగితే, హైదరాబాద్ మెట్రో వాళ్లు పొడుగు చూస్తారు. మూడడుగుల లోపు పిల్లలకి అక్కడ ఉచితం. మా బుజ్జి ఆ గీత ఎప్పుడో దాటేసింది. మా ఆయన ఆశ చావక, "కొంచెం వంగితే..." అని గొణిగారు గానీ, అది అప్పటికే మునివేళ్ల మీద నిలబడి "నేను పెద్దదాన్ని, నాకూ టికెట్టు కావాలి" అని స్టేషనంతా వినిపించేలా ప్రకటించింది. జీవితంలో కొన్న మొదటి టికెట్టు కదా, గేటు తెరుచుకున్నాక లోపలికి రానంది. గేటు మళ్లీ మూసుకుంటే మళ్లీ తెరుస్తానంది. వెనక ఆఫీసులకి పోయే జనం. ఆ తర్వాత ఎస్కలేటర్. ఎక్కాం, దిగాం, మళ్లీ ఎక్కాం. షీటులో పది గంటలకి మ్యూజియం అని ఉంది. పదింటికి మేం లక్డీకాపూల్ స్టేషన్లో పైకీ కిందికీ తిరుగుతూ, వచ్చిన రైలు వచ్చినట్టు పోతుంటే చూస్తున్నాం.

ఎట్టకేలకి ఎంజీబీఎస్‌లో దిగి మ్యూజియం చేరాం. మూడో సాలార్‌జంగ్, అంటే మీర్ యూసుఫ్ అలీఖాన్, జీవితమంతా వస్తువులు సేకరించారు. పింగాణీ, గాజు, దంతం, పాలరాయి. ముట్టుకుంటే పగిలేవీ, పగిలితే మళ్లీ దొరకనివీ. ఆయన పెళ్లి చేసుకోలేదని మా ఆయన చదివి చెప్పారు. చదవక్కర్లేదు, ఆ పింగాణీ గదిలోకి అడుగుపెట్టగానే నాకు తెలిసిపోయింది. పిల్లలున్న ఇంట్లో ఒక్క గ్లాసు సెట్టు పూర్తిగా మిగలదు, అన్ని గదుల సామానెక్కడ మిగులుతుంది? ఆ గదులన్నిటిలో నేను చూసింది బుజ్జి చేతులు మాత్రమే.

ముసుగు రెబెకా దగ్గర ఆగాం. 1876లో బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ. ముఖం మీద పల్చటి మేలిముసుగు, దాని వెనక కళ్లు, ముక్కు, పెదవులు తెలుస్తూనే ఉంటాయి. అంతా ఒకే రాయి. "చూడవే, రాతిని బట్టలా ఎలా చెక్కాడో" అని నేను మైమరిచి చెబుతుంటే, బుజ్జి కాసేపు తేరిపార చూసి, "దుప్పటి ఎందుకు కప్పుకుందమ్మా, దోమలా?" అంది. రాజమండ్రి పిల్ల మరి.

పన్నెండు కావస్తుంటే జనం గడియారం దగ్గరికి చేరారు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ వాళ్ల గడియారం అది. గంట గంటకీ తలుపు తెరుచుకుని ఒక చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి, ఎంతయితే అన్ని గంటలు కొట్టి లోపలికెళ్లిపోతాడు. పన్నెండింటికి పన్నెండు కొడతాడు కాబట్టి అప్పుడే గిరాకీ ఎక్కువ. అందరూ సెల్‌ఫోన్లు ఎత్తిపట్టుకుని మూసి ఉన్న తలుపు వంక చూస్తున్నారు. మా ఆయన భుజం మీదున్న బుజ్జి మాత్రం ఇంకో వైపు చూస్తోంది. అక్కడ సుత్తి పట్టుకున్న కమ్మరి బొమ్మ ఒకటుంది. సెకనుకో దెబ్బ చొప్పున కొడుతూనే ఉంటాడు.

"ఈయనెందుకు కొడుతున్నాడు?"

"సెకన్లు లెక్కపెట్టడానికి."

"ఎప్పుడు ఆపుతాడు?"

"ఆపడు."

ఇంతలో తలుపు తెరుచుకుంది, చిన్న మనిషి వచ్చాడు, పన్నెండు కొట్టాడు, జనం కేరింతలు కొట్టారు, ఆయన లోపలికెళ్లిపోయాడు. బుజ్జి అటు తిరగనేలేదు. "ఆయన ఒక్కసారొచ్చి వెళ్లిపోతే అందరూ ఫొటోలు తీశారు, ఈయనకెవ్వరూ తియ్యలేదేం?" అంది. మా ఆయన నెమ్మదిగా, "అచ్చం మా ఆఫీసే" అన్నారు. ఆ పూటకి లోకజ్ఞానం వచ్చింది ఆయనకే.

చార్మినార్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, ఎందుకంటే ఎక్కువ చూడలేదు. "1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా..." అని మా ఆయన మొదలుపెట్టగానే బుజ్జి, "అమ్మా, పాస్ వస్తోంది" అంది. చిన్నపిల్లల తల్లికి ఏ మహానగరంలోనైనా మొట్టమొదటి దర్శనీయ స్థలం బాత్రూమ్. చార్మినార్ నాలుగు మినార్లు ఎటువైపున్నాయో చూసుకోకుండా గల్లీలో పరిగెత్తి ఒక ఇరానీ హోటల్లో దూరాం. ఉట్టినే అడగడానికి మొహం చెల్లక ముందు రెండు చాయ్‌లు, ఉస్మానియా బిస్కెట్లు చెప్పాం. బుజ్జి పని చూసుకుని వచ్చి, నా చాయ్‌లో బిస్కెట్టు ముంచి, అది విరిగి అడుక్కి పోతే చెంచా కోసం ఏడ్చింది. చాయ్ తాగి బయటపడి లాడ్‌బజార్లో గాజులు బేరమాడుతుంటే మా ఆయన చెవి దగ్గరకొచ్చి, "ఇప్పుడు నాకు" అన్నారు. మళ్లీ అదే హోటలు, మళ్లీ చాయ్.

ఇక బిర్యానీ. హైదరాబాద్ వచ్చి బిర్యానీ తినకపోతే రాజమండ్రిలో మొహం ఎలా చూపించడం? ప్లేటు వచ్చింది. ఘుమఘుమ. బుజ్జి ఒక్క మెతుకు నాలిక మీద పెట్టుకుని "కారం!" అని రెండు చేతులతో నాలిక పట్టుకుంది. బిర్యానీలో పసుప్పచ్చని మెతుకుల మధ్య తెల్ల మెతుకులు కూడా ఉంటాయి కదా. అవి ఏరడం మొదలుపెట్టాను. ఒక్కొక్క మెతుకూ వేలితో నొక్కి చూసి, మసాలా అంటనిది పక్కన పెట్టి, పెరుగు చట్నీలో ఉల్లిపాయ ముక్కలు తీసేసి ఆ పెరుగుతో కలిపాను. గుప్పెడు పెరుగన్నం తయారయ్యేసరికి నా ముక్క చల్లారింది, మా ఆయన ప్లేటు ఖాళీ అయింది, బుజ్జి నిద్రపోయింది. ఆ పెరుగన్నం నేనే తిన్నాను. హైదరాబాద్ బిర్యానీ ఎలా ఉందని అడిగిన వాళ్లందరికీ చాలా కమ్మగా ఉందనే చెబుతున్నాను.

మర్నాడు గోల్కొండ. కింద కమాను దగ్గర గైడు ఒకాయన చప్పట్లు కొట్టి చూపించాడు. ఇక్కడ కొడితే ఎక్కడో కొండ మీదున్న బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. కింద ఎవరొచ్చారో పైన వాళ్లకి వెంటనే తెలియడానికి కుతుబ్‌షాహీలు చేసుకున్న ఏర్పాటట. బుజ్జి మొహం వెలిగిపోయింది. తనూ కొట్టింది. మళ్లీ కొట్టింది. పైనుంచి ఎవరూ తిరిగి కొట్టలేదు. "పైన ఎవరూ లేరా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా అక్కడే గుమ్మటం కింద నిలబడి గొంతెత్తి ఏడుపు లంకించుకుంది. ఆ ధ్వని ఏర్పాటు నాలుగు శతాబ్దాలు దాటినా చెక్కుచెదరలేదని మాత్రం రుజువైంది. పైనున్న వాళ్లు కోట పడిపోయిందనే అనుకుని ఉంటారు.

పైకి వెళ్లే దారిలో రామదాసు బందీఖానా చూశాం. బుజ్జి మా ఆయన భుజమెక్కి ఉంది కాబట్టి ప్రశ్నలకి ఓపిక బాగానే ఉంది.

"ఈయన్నెందుకు జైల్లో పెట్టారు?"

"భద్రాచలంలో రాముడి గుడి కట్టించాడని."

"గుడి కడితే జైల్లో పెడతారా?"

"సర్కారు సొమ్ముతో అడక్కుండా కడితే తానీషా గారు పెట్టారు."

వెనక మెట్లెక్కుతున్న పెద్దాయనెవరో, "ఇప్పుడైతే పెట్టరు లెండి" అన్నాడు రొప్పుతూనే.

సగం దూరం వెళ్లేసరికి కింద ఐస్‌క్రీమ్ బండి చూసొచ్చిన సంగతి మా టూరు మేనేజరుకి గుర్తొచ్చింది. ఇంకా బోలెడు మెట్లున్నాయి. ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడి వేసి, 1687లో గానీ ఈ కోటని పట్టుకోలేకపోయాడు. ఆయనకి చేతిలో పిల్లలు లేరు కాబట్టి అన్నాళ్లు కాచుకోగలిగాడు. మేం ఎనిమిది నిమిషాల్లో ముట్టడి ఎత్తేసి కిందికి దిగాం. షీటులో 'బాలాహిస్సార్ నుంచి నగర దృశ్యం' అన్న గడిలో మా ఆయన అడ్డగీత కొట్టారు. అప్పటికి ఆ షీటు నిండా అడ్డగీతలే.

సాయంత్రం బిర్లామందిరం. కొండ మీద తెల్లటి పాలరాతి గుడి, 1976లో పూర్తయింది, లోపల వెంకటేశ్వరస్వామి. సెల్‌ఫోన్లు కింద కౌంటర్లో ఇచ్చేయమన్నారు. అంటే బుజ్జి ఏడిస్తే చూపించడానికి నా దగ్గర కార్టూన్ కూడా లేదు, దేవుడి మీదే భారం. మెట్లెక్కుతూ అడిగింది.

"ఈ గుడి ఎవరు కట్టించారు?"

"బిర్లా వాళ్లు."

"వాళ్లని ఏ జైల్లో పెట్టారు?"

క్యూలో నలుగురు వెనక్కి తిరిగారు. "వాళ్లు సొంత డబ్బుతోనే కట్టించారమ్మా" అని అందరికీ వినపడేలా చెప్పి, దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

గర్భగుడి ముందుకొచ్చాం. మా బుజ్జికి గుళ్లో తెలిసిన పని ఒక్కటే, వాళ్ల నాన్న ఎత్తుకుంటే గంట కొట్టడం. రెండు చేతులూ పైకి చాచింది. ఆయన ఎత్తుకున్నారు. పైన ఏమీ లేదు. ఈ గుళ్లో గంటలుండవు. ధ్యానానికి అనువుగా ప్రశాంతంగా ఉండాలని రామకృష్ణ మిషన్ స్వామి రంగనాథానంద కోరారనీ, అందుకే పెట్టలేదనీ చెబుతారు. అదంతా దానికి చెప్పేదెలా? "ఇక్కడ గంట ఉండదు నాన్నా" అన్నారు మా ఆయన.

"మరి మనం వచ్చామని దేవుడికెలా తెలుస్తుంది?"

ఆయన దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. బుజ్జి ఒక్క క్షణం ఆలోచించింది. ఇంత తిప్పినా దీని బుర్రకి ఒక్కటీ ఎక్కలేదని అప్పటిదాకా అనుకున్నాం గానీ, గోల్కొండ గైడు చెప్పింది మాత్రం బాగానే ఎక్కింది. వాళ్ల నాన్న చంకలోంచి నిటారుగా లేచి, ఆ నిశ్శబ్దంలో, రెండు చేతులూ ఎత్తి, టపటపా చప్పట్లు కొట్టింది.

దేవుడి సంగతేమో గానీ, సెక్యూరిటీ అతను మాత్రం వెంటనే వచ్చాడు.