చేప తప్ప అన్నీ పడే గాలం

ఫ్లై ఫిషింగ్‌లో కొక్కేనికి ఎర గుచ్చరు. ఈకలు, బొచ్చు, దారం చుట్టి తయారుచేసిన ఉత్తుత్తి పురుగును నీటి మీద వదిలి, అది నిజం పురుగేనని ట్రౌట్ చేపను నమ్మిస్తారు. మాసిడోనియా జాలర్లు కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి చేపలు పడతారని రోమన్ రచయిత ఏలియన్ క్రీ.శ. 200 ప్రాంతంలోనే రాశాడు. అంటే ఈ మోసంలో మానవజాతికి 1800 ఏళ్ల అనుభవముంది. కొత్త విద్యార్థిని చూస్తే ఆ లెక్క నమ్మబుద్ధి కాదు.

ఈ విద్య నేర్చుకోవడానికి జనం వెళ్లే పేరున్న నదుల్లో మాడిసన్ ఒకటి. అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో ఫైర్‌హోల్, గిబ్బన్ నదులు కలిసి మాడిసన్ అవుతాయి. అది మోంటానా రాష్ట్రం గుండా పారి, జెఫర్సన్, గాలటిన్‌లతో కలిసి మిస్సోరి అవుతుంది. శరత్కాలానికి వేసవి సందడి తగ్గి, నీళ్లు చల్లబడి, విద్యార్థులు దిగుతారు. చాలామంది బుర్రలో 1992 నాటి 'ఎ రివర్ రన్స్ త్రూ ఇట్' సినిమా ఆడుతూ ఉంటుంది. అందులో కొన్ని గొప్ప విసుర్లు నటుల బదులు జేసన్ బోర్గర్ అనే నిపుణుడు విసిరినవి. ఈ సంగతి ఫీజు కట్టకముందే చెబితే న్యాయంగా ఉండేది.

మొదటి పాఠం నదిలో కాదు, గడ్డి మీద, కొక్కెం లేకుండా. ఉత్తుత్తి పురుగుకు చెప్పుకోదగ్గ బరువుండదు కాబట్టి దాన్ని విసరలేరు. విసిరేది లావుపాటి దారం బరువును. తొమ్మిదడుగుల కర్రను వెనక్కి లేపి, దారం వీపు వెనక పూర్తిగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకు తేవాలి. కష్టమంతా ఆ ఆగడంలోనే ఉంది. కండబలం ఉన్నవాడు అసలు ఆగడు. రేవులో బట్టలు బాదినట్టు గాలిని బాదుతాడు. దారం కొరడాలా 'ఠప్' మంటుంది, కొస తెగి పురుగు ఎగిరిపోతుంది. ఆ తర్వాత అరగంటసేపు పురుగే లేని దారంతో ఎంతో శ్రద్ధగా వేట సాగుతుంది. దారం చిక్కుపడితే నింద గాలి మీద వేయడం ఆచారం, ఆకు కదలని రోజున కూడా.

కొస దారం పేరు టిప్పెట్. దాని మందం లెక్క వింతగా ఉంటుంది. 11లోంచి దాని సైజులో ఎక్స్ ముందున్న అంకె తీసేస్తే అంగుళంలో ఎన్ని వెయ్యోవంతులో తెలుస్తుంది. 5ఎక్స్ అంటే ఆరు. చలికి కొంకర్లు పోయిన వేళ్లతో, చదువుకునే కళ్లద్దాలు గదిలో మరిచొచ్చినవాడు దానికి ముడి వేయాలి. ఆ ముళ్లన్నీ చివరికి శిక్షకుడే వేస్తాడు. అతని అసలు ఉద్యోగం అదే.

పార్కులో ఎదురుముల్లు లేని కొక్కేలే వాడాలి. నిబంధన పెట్టింది చేపల మేలు కోసమైనా, ఎక్కువగా బాగుపడింది శిక్షకుల చెవులు. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి వాటిని తరిమే స్ప్రే డబ్బా నడుముకు ఉండాలి. సాధారణంగా అది కారులో భద్రంగా ఉంటుంది.

శరత్కాలంలో అసలు ఆకర్షణ బ్రౌన్ ట్రౌట్. 1883లో జర్మనీ నుంచి గుడ్ల రూపంలో అమెరికాకు వలస వచ్చిన జాతి ఇది. హెబ్‌గెన్ జలాశయంలోని పెద్ద చేపలు గుడ్లు పెట్టడానికి ఈ కాలంలో నదిలోకి ఎదురెక్కుతాయి. ఆడచేప తోకతో గులకరాళ్లను తుడిచి గూడు చేస్తుంది. లోతు తక్కువ నీటిలో అది శుభ్రంగా, తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది. అక్కడ కాలు పెడితే లోపలి గుడ్లు చితుకుతాయి. నాచు పట్టిన రాళ్ల మీద జారి జారి విసిగిన విద్యార్థికి నది మొత్తంలో నిలబడ్డానికి బాగుందనిపించేది సరిగ్గా ఆ చోటే. శిక్షకుడి గొంతు ఎంత పెద్దదో అప్పుడు తెలుస్తుంది.

వాతావరణంతోనూ పేచీయే. బేటిస్ అనే చిన్న పురుగులు మబ్బు పట్టి తుంపర పడే రోజుల్లో బాగా పైకి తేలతాయి, చేపలూ వాటి కోసం లేస్తాయి. ఎండ కాస్తే విద్యార్థులు ఆనందిస్తారు, చేపలు కనిపించవు. వాన పడితే చేపలు లేస్తాయి, విద్యార్థులు కారెక్కుతారు.

ఇన్నిటి మధ్యా ఎప్పుడో ఒక చేప నిజంగానే మోసపోతుంది. కర్రను మెల్లగా ఎత్తాల్సిన చోట విద్యార్థి ఉలిక్కిపడి గుంజుతాడు, ఆరు వెయ్యోవంతులు తెగిపోతాయి. ఒకవేళ తెగకపోతే చేతులు తడుపుకుని చేపను పట్టి, కొక్కెం తీసి, ప్రవాహానికి ఎదురుగా నిలిపి వదిలేయాలి. ఫొటో కోసం పైకి ఎత్తడానికి ఉండే వ్యవధి రెండు మూడు క్షణాలే. ఫోను స్ప్రే డబ్బా పక్కనే ఉంటుంది.