ప్రాణానికి మద్దతు ధర

మిర్చి యార్డులో రోజూ బోర్డు మీద ధర రాస్తారు. అలాంటి బోర్డొకటి సచివాలయం గేటుకు తగిలిస్తే, ఎక్కడ చస్తే గిట్టుబాటవుతుందో జనం ముందే తేల్చుకుంటారు.

ప్రస్తుత ధరవరలు చిత్తగించండి. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ పీల్చి పోయినవారికి తలా కోటి. (ఆ తెల్లవారుజామున ఫ్యాక్టరీ సైరన్ మోగి ఉంటే ఖజానాకు ఎన్ని కోట్లు మిగిలేవో!) 2025 జనవరిలో తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల తొక్కిసలాటలో పోతే 25 లక్షలు. 2015లో రాజమండ్రి పుష్కర ఘాట్‌లో పోతే 10 లక్షలు. గుద్ది పారిపోయిన లారీ కింద పోతే 2 లక్షలు. 2022కు ముందు అది 25 వేలే, కాబట్టి నోరెత్తకండి. కోవిడ్‌కి 50 వేలు.

సరుకు ఒకటే. మరి ధర ఎందుకు మారుతోంది? ఒకేసారి ఎంతమంది పోయారు, ఎన్ని కెమెరాలొచ్చాయి అన్నదే లెక్క. లారీ కింద ఒక్కొక్కరుగా పోవడం శుద్ధ తెలివితక్కువ పని. 2022లో దేశంలోని రోడ్ల మీద ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. విడివిడిగా పోయేవారి కోసం 'తీవ్ర దిగ్భ్రాంతి' చెందే తీరిక ఏ మంత్రికుంటుంది? వీళ్లకూ వెంకటాపురం ధరే కట్టి చూడండి: ఏడాదికి 1,68,491 కోట్లు! ఆ బిల్లు బల్ల మీదికొస్తే ఆర్థిక శాఖవారే తట్టా పారా పట్టుకుని, అర్ధరాత్రి గుంతలు పూడుస్తారు.

మ్యాన్‌హోల్‌ది మరో ముచ్చట. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అందులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. దిగి చస్తే 30 లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. దించినవాడికి జైలు పడిందా అని మాత్రం అడక్కండి, మర్యాదగా ఉండదు.

"ప్రాణానికి వెల కట్టలేం" అంటారు నాయకులు. అదే మైకులో, అదే గుక్కలో అంకె చెబుతారు. వెల కట్టలేనిదానికి ఇన్ని వెలలెందుకో!

2027లో గోదావరి పుష్కరాలు మళ్లీ వస్తున్నాయి. ఘాట్ల అంచనాల్లో ఎక్స్‌గ్రేషియా పద్దు ఎదురుగా సున్నా వేయండి. వేయడానికి చెయ్యి రాకపోతే, తలకు కోటి చొప్పున ఎంతమందికో ముందే రాసి, కింద సంబంధిత అధికారి పేరు, హోదాతో సహా సంతకం పెట్టించండి.